మూడు చక్రాల బ్రేకు

ఏజెంట్ అనురాగ్‌ను కాల్చి చంపిన విదేశీ ముఠా నాయకుడు హైదరాబాద్‌లోనే ఉన్నాడు. కోడ్‌నేమ్ కర్నల్. అతని గోదాం ఎక్కడో ఎవరికీ తెలియదు.

"ఉస్మాన్‌గంజ్‌లో పసుపు లోడయ్యే పాత లారీ అక్కడికే వెళ్తుంది. బస్తాల్లో ఆపి ఉంచిన సిగ్నల్ జామర్లు. డ్రైవర్ ఓదెలుకు ఏమీ తెలియదు, దారి కూడా ఫోన్‌లో అప్పటికప్పుడు చెబుతారు," అన్నాడు చీఫ్ అమరనాథ్, ఏజెంట్ గోవర్ధన్‌తో. "ట్రాకర్ బిగించు. పదకొండున్నర దాటితే కర్నల్ జారుకుంటాడు."

గోవర్ధన్ హమాలీ వేషంలో లారీ కిందకు దూరి, చాసిస్‌కు రంధ్రం చేసి ట్రాకర్ బిగించాడు. డ్రిల్ ఒకసారి జారి దేనికో తగిలింది. హడావుడిలో చూసుకోలేదు. బస్తాలు దించే కూలీగా ఓదెలు పక్కన ఎక్కి కూర్చున్నాడు.

లాల్‌దర్వాజా దగ్గర బ్రేక్ పెడల్ నేలకంటింది. ఎదురుగా స్కూలు ఆటో. ఓదెలు గేరు దించి, హ్యాండ్‌బ్రేక్ లాగి, లారీని గోడకు రాసి ఆపాడు. ఆటోకూ బంపర్‌కూ మధ్య జానెడు దూరం.

వెనక చక్రం దగ్గర ఆయిల్ కారుతోంది. బ్రేక్ పైపు మీద గుండ్రటి చిన్న బెజ్జం. గోవర్ధన్ చూడగానే గుర్తుపట్టాడు.

"మొన్ననే నేనే కొత్త పైపు ఏసిన అన్నా. సక్కగ చూస్కోలే. పిల్లల మీదికి పోతుండె," అన్నాడు ఓదెలు.

గోవర్ధన్ వాచీ చూసుకున్నాడు. నిజం చెబితే వేషం పోతుంది, కర్నల్ పోతాడు.

ఓదెలు పైపును బెజ్జానికి ముందే కోసి, కొసను మడిచి, సుత్తితో అణగ్గొట్టాడు. ఒక చక్రానికి బ్రేకుండదు, మూడింటికి ఉంటుందన్నాడు. ఆయిల్ పోసి, లైన్లో గాలి తీయడానికి గోవర్ధన్‌ను పెడల్ తొక్కమన్నాడు. తొక్కినంతసేపూ కింద నుంచి తనను తాను తిట్టుకుంటున్న ఓదెలు గొంతు వినిపిస్తూనే ఉంది. గోవర్ధన్ తల ఎత్తలేదు.

రెండో గేరులోనే ఫలక్‌నుమా చేరారు. పదకొండు ఇరవై తొమ్మిది. గోదాం ముందు కర్నల్ అప్పటికే కారెక్కాడు. పక్కన సెక్రటరీ రూప. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్. కారు తాళం ఇమ్మని అతను చేయి చాపితే ఆమె పిస్టల్ చూపించింది. ఏడాదిగా ఆమె అమరనాథ్ మనిషి. ఈ గోదాం మాత్రం ఆమె కూడా ఇవాళే చూసింది, అదీ ఫోన్ లాగేసుకుని తెస్తే. ట్రాకర్ వెంట వచ్చిన కమాండోలు గేటు మూసేశారు.

గోవర్ధన్ ఓదెలు దగ్గరకు వెళ్లాడు. "నువ్వేసిన పైపు బాగానే ఉంది. దాన్ని పొడిచింది నా డ్రిల్లు."

"గీ ముచ్చట ఆడనే చెప్పకపోతివి," అన్నాడు ఓదెలు. "ఆ ఆటోల పిల్లలు ఇంక నా కండ్ల ముంగటనే ఉన్నరు."

సాయంత్రం మిషన్ రిపోర్టు సంతకానికి వచ్చింది. వాహన నష్టానికి కారణం అన్న చోట అమరనాథ్ ముందే 'విదేశీ హస్తం' అని టైపు చేయించాడు. గోవర్ధన్ 'విదేశీ' కొట్టేసి 'నా' అని రాశాడు.