మే నెల శాంపిల్

ప్రదీప్ రెంటచింతలలో బస్సు దిగేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయింది. పీహెచ్‌డీలో చేరినప్పటి ఉత్సాహమంతా పోయి ఈ చెమట మిగిలింది. నెలనెలా అవే బోర్ల దగ్గరికి వెళ్లడం, సీసాల్లో నీళ్లు పట్టడం, ల్యాబ్‌కి మోసుకెళ్లి ఫ్లోరైడ్ ఎంతుందో చూడటం. ఓపిక ఉన్నవాడికే డాక్టరేట్ అంటారు గైడ్ ధనుంజయరావు గారు. ఆయన ఏసీ గదిలో కూర్చుని అంటారు.

ఇన్నారెడ్డి పొలంలో బోరు అన్నిటికన్నా ఆఖరిది. పక్కనే వాళ్ల ఇల్లు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆయన కూతురు స్టెల్లా గేటు దగ్గరే ఆపేసి, మా నీళ్లు మంచివి కావని రాసి పొలం రేటు పడగొడతావా అని తగువు పెట్టుకుంది. డాక్టరేట్ కోసమని చెబితే ఇన్నారెడ్డి మోకాళ్ల నొప్పులకు బిళ్లలు అడిగాడు. అప్పటి నుంచి ఆమెకు అతను డాక్టరుగారే. ఆమె డీఎస్సీకి చదువుతోంది. ఎవరి చదువు ముందు తెములుతుందో చూద్దామని ఇద్దరూ ఒకరినొకరు ఏడిపించుకునేవాళ్లు. వేరే బోర్ల దగ్గర చిటికెలో అయ్యే పని ఇక్కడ మాత్రం సాయంత్రం బస్సు దాకా సాగేది.

ఈసారి ప్రదీప్ మిఠాయి పొట్లం తెచ్చాడు. మే నెలలో ఈ బోరులో ఫ్లోరైడ్ ఒక్కసారిగా పడిపోయింది. కాలవ నీరు భూమిలోకి ఇంకడం వల్లేనని పేపర్ రాశాడు. గైడ్ మొదటిసారి భుజం తట్టారు. రేపు జర్నల్‌కి పంపేస్తే ఈ ఏడే థీసిస్ ఇచ్చేయొచ్చు.

స్టెల్లా పొట్లం విప్పలేదు.

"మే నెల్లో మీరు ఎండదెబ్బకి మా వరండాలో పడిపోయారు, గుర్తుందా?"

"ఉంది. మీరే సీసా నింపి ఇచ్చారు."

"ఆ రోజు మోటారు కాలిపోయింది. వైండింగుకి మాచర్ల పంపించాం. వట్టి సీసాతో పోతే మళ్లీ ఆ ఎండలో వస్తారని, వంటింట్లో మినరల్ వాటర్ టిన్నులోయి పట్టిచ్చా. ఒక్క సీసాతో ఏమవుద్దిలే అనుకున్నా."

ప్రదీప్‌కి ముందు కోపం రాలేదు, నిద్ర వచ్చింది. అక్కడే పడుకుని రెండు రోజులు లేవకూడదనిపించింది. తర్వాత కోపమూ వచ్చింది. పేపర్ పోయింది, ఈ ఏడు పోయింది, ఇంకో ఎండాకాలం తిరగాలి.

"చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదుగా" అని కసిరాడు.

"తెలిసేది కాదు. డిగ్రీ రాగానే ఇటు మొహం చూపించని మనిషైతే నేనూ చెప్పేదాన్ని కాదు." ఆమె పొట్లాన్ని పక్కకి జరిపింది. "చానా ఏళ్లు మీ మొహం చూస్తా బతకాలనుకుంటున్నా. ఈ అబద్ధం పెట్టుకుని ఎట్టా చూసేది?"

బయట వాన మొదలైంది. ఆమెను ప్రేమిస్తున్నానని ప్రదీప్‌కి ఎప్పుడో తెలుసు. డిగ్రీ వచ్చాక చెబుదామని, అన్నిటితో పాటు దాన్నీ వాయిదా వేస్తూ వచ్చాడు.

ఆమె ఎదుటే గైడ్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. ఆయన తిట్టాల్సినవన్నీ తిట్టి, పేపర్ ఆపేయమని, వచ్చే మేలో మళ్లీ శాంపిల్ తెమ్మని చెప్పారు. ఆ నీళ్లు పట్టిచ్చిన మహాతల్లి ఎవరయ్యా అని అడిగారు.

"నేను చేసుకోబోయే అమ్మాయి సార్."

స్టెల్లా అప్పుడు పొట్లం విప్పింది.

మోకాళ్లకు మందివ్వలేని డాక్టరుకి పిల్లనెట్టా ఇచ్చేదని ఇన్నారెడ్డి కొన్నాళ్లు గొణిగి, ఒప్పుకున్నాడు.

మళ్లీ మే వచ్చింది. ఎండ అలాగే ఉంది, థీసిస్ అలాగే ఉంది. ప్రదీప్ సీసాలు మోసుకుంటూ వచ్చేసరికి మోటారు నడుస్తోంది. స్టెల్లా చేతులు వెనక్కి పెట్టుకుని దూరంగా నిలబడింది.

"మీరే పట్టుకోండి. నేను ముట్టుకోను."

ప్రదీప్ సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. వెళ్లి వరండాలో మంచం మీద వాలి, కళ్లు మూసుకున్నాడు.

"నువ్వే పట్టు" అన్నాడు.