ఆ మాటలు నాన్నవి

ఆదివారం పొద్దున పాస్టరు గారు తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకుంటుండగా, ఇవాళ తాను చర్చిలో ఆయన పక్కన నిలబడనని చిట్టి చెప్పింది. ఒంట్లో నలతగా ఉందేమో అనుకుని ఆయన తలెత్తి చూశారు. పిల్ల నిక్షేపంగా ఉంది.

పదిహేడేళ్ల చిట్టి ఆయనకు ఒక్కగానొక్క కూతురు. పక్కింటి టైలరత్తకు పుట్టుకతోనే చెవులు వినపడవు. ఆవిడ ఒళ్లో పెరిగిన చిట్టికి సైగల భాష మాటలతోపాటే వచ్చేసింది. కొన్నేళ్లుగా తండ్రి ప్రసంగిస్తుంటే పక్కనే నిలబడి, ముందు వరుసలోని వినపడనివాళ్లకు ప్రతి మాటా చేతులతో చెబుతోంది. ఆ చేతుల్ని చూసుకుని మురిసిపోయే ఆయన, ఆమెను బైబిలు కాలేజీలో చేరుస్తానని అక్కడివాళ్లకు మాట కూడా ఇచ్చేశారు.

"నేను నమ్ముతున్నానో లేదో నాకే తెలీట్లేదు నాన్నా," అంది చిట్టి.

"నువ్వు చెప్పేది నా మాటే కదా. నీకొచ్చిన ఇబ్బందేంటి?"

"వాళ్లు అలా అనుకోవట్లేదు. పోయినవారం టైలరత్త నా చేతులు కళ్లకద్దుకుంది. నీ నమ్మకం చూసే నేను దేవుడి దారిలో నిలబడ్డానంది. నాకు తల కొట్టేసినట్టయింది."

బైబిలు కాలేజీకి కూడా వెళ్లనంది. ఆసుపత్రుల్లో, కోర్టుల్లో వినపడనివాళ్లకూ మిగతావాళ్లకూ మధ్య మాటలు అందించడం నేర్పే చదువు ఒకటుందని, అది చదువుతానని అంది. అక్కడైతే ఆ మాటలు ఎవరివో అందరికీ తెలుస్తుందట.

పాస్టరు గారి గొంతు పెరిగింది. సొంత పిల్లనే నిలుపుకోలేనివాడు ఊరికేం చెబుతాడని జనం నవ్వరా అన్నారు. అప్పటిదాకా వంటపనిలో ఉన్న తల్లి గిన్నె కింద పెట్టింది.

"అబద్ధం చెప్పలేనంటోంది అది. ఆ బుద్ధి నేర్పింది మీరే కదండీ."

ఇస్త్రీపెట్టె కింద కాలరు కమిలిపోయింది. ఆయన ఆ చొక్కాతోనే వెళ్లిపోయారు.

చిట్టి కూడా వెళ్లింది, టైలరత్తకు తనే చెప్పాలని. చర్చి ఆవరణలో ఆవిడ ఎదుట కూర్చుని, మనసులో ఉన్నదంతా చేతులతో చెప్పేసింది. చెబుతుంటే కళ్లు నిండాయి.

టైలరత్త ఆశ్చర్యపోలేదు. ప్రార్థన దగ్గరికొచ్చేసరికి నీ చేతులు బరువెక్కడం ఎన్నాళ్లుగానో చూస్తున్నానని సైగ చేసింది. "నువ్వు లేకపోతే మాకు మీ నాన్న పెదాలు కదలడమే కనిపిస్తుంది. ఆయనేమంటున్నాడో చెప్పు చాలు. నమ్మాలో వద్దో మేం చూసుకుంటాం."

ప్రసంగం వేళకు చిట్టి వచ్చి పక్కన నిలబడటం చూసి పాస్టరు గారు ఉలిక్కిపడ్డారు. ఆమె ముందు వరుసకు ఏదో సైగ చేసింది.

"ఏం చెప్పావు?" అని మెల్లగా అడిగారు.

"ఈ మాటలు మా నాన్నవి, నేను అందిస్తున్నానంతే అని చెప్పాను."

ఆయన తెరిచిన పుస్తకాన్ని పక్కకు జరిపారు. తర్వాత మైకు దగ్గరికి లాక్కున్నారు. "ఇక్కణ్నుంచి వచ్చే ప్రతి మాటకీ జవాబుదారు నేను. మా అమ్మాయి కాదు."

ఆ మాటను చిట్టి చేతులతో నెమ్మదిగా చెప్పసాగింది. తండ్రి తొందరపెట్టలేదు. ఆమె పూర్తిచేసేదాకా ఆగి, అప్పుడు ప్రసంగం మొదలుపెట్టారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, ఆ చదువు ఎన్నేళ్లని అడిగారు. రెండేళ్లంది చిట్టి. బైబిలు కాలేజీవాళ్లకు తానే చెబుతానన్నారు. మరి నువ్వెళ్లాక ముందు వరుసవాళ్ల సంగతేమిటన్నారు.

"మీరే నేర్చుకోండి నాన్నా. టైలరత్త నేర్పుతుంది."

"మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అని తల్లి నవ్వింది.

పాస్టరు గారు చేయి కడుక్కొచ్చి కూతురి ఎదురుగా కూర్చున్నారు. "'నాకు తెలియదు' అని చేతులతో ఎలా చెప్పాలి?"

చిట్టి ఆయన ముఖంలోకి చూసింది.

"ఇన్నేళ్లుగా అందరికీ అన్నీ తెలిసినట్టే చెప్పానమ్మా," అన్నారాయన. "ఈ మాట నోటితో కూడా ఎవరితో అనలేదు."

ఆమె చేసి చూపించింది. ఆయన మొద్దువేళ్లు తడబడ్డాయి. చిట్టి ఆ రెండు చేతుల్నీ తన చేతుల్లోకి తీసుకుని, ఒక్కో వేలూ సరిచేసింది.