రెండు నిబంధనల నడుమ పేజీ

"ల్యాప్‌టాప్ పాస్‌వర్డు మార్చింది నువ్వే నాయనా," అంది లూదియా, మూడో రోజు కూడా.

"మార్చింది నేనే, మర్చిపోయింది గూడా నేనే. బిల్లును పాత పేపర్లలో ఏసింది మాత్రం మీ అమ్మ," అన్నాడు నతానియేలు. రిటైరైన హెడ్మాస్టరు. తప్పును ఇంట్లో అందరికీ సమంగా పంచకపోతే ఆయనకు అన్నం సహించదు.

"క్రిస్మస్‌కు సున్నం కొట్టేటప్పుడు ఆ అట్టపెట్టె అడ్డమన్నది ఎవురు?" వంటింట్లోంచి అమ్మ అడిగింది.

లూదియా ఆళ్లగడ్డలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. సోమవారం ఇవ్వాల్సిన ప్రశ్నపత్రాలన్నీ ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. నిన్న నంద్యాల దాకా పోయి పని కాకుండానే తిరిగి వచ్చింది. బస్టాండు పక్క సందులో రిపేరు షాపు. అందులో రూబెన్ అనే అతను.

"అన్నా, ఇది తెరవాల. అర్జంటు."

"బిల్లు?"

"లేదు."

"డబ్బా? దాని మీదైనా నంబరు ఉంటాది."

"అదీ లేదు."

"మరి ఇది మీదేనని ఎట్ల నమ్మాల?"

"నా మొహం చూస్తే దొంగ మాదిరి ఉందా?"

అతను నిజంగానే చూశాడు. అవసరమైనదానికంటే కాస్త ఎక్కువసేపే చూశాడు. "మొహానికి సీరియల్ నంబరు ఉండదు కదండీ," అన్నాడు.

లూదియా ఇంట్లో ఆ మాట చెప్పగానే నతానియేలు చేయి కడుక్కుని లేచాడు. "సీరియల్ నంబరా? రాసిపెట్టినా."

వాళ్ళ ఇంటి పెద్ద బైబిల్లో పాత నిబంధనకూ కొత్త నిబంధనకూ నడుమ రెండు తెల్ల పేజీలున్నాయి. పుట్టుకలు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, మరణాలు తాతల కాలం నుంచి అక్కడే రాస్తారు. నతానియేలు వాటి కింద బోరు వేసిన తేదీ, ఫ్రిజ్ కొన్న తేదీ, లూదియా ల్యాప్‌టాప్ నంబరు కూడా చేర్చాడు.

ఆ బైబిలును ఆయన ఎవరి చేతికీ ఇవ్వడు. అందుకే కూతురి వెంట తానూ బయల్దేరాడు. నంద్యాలలో బస్సు దిగేసరికి వాన. గొడుగు బైబిలు సంచికి పట్టాడు. కూతురు తడిసింది.

రూబెన్ చేతులు కడుక్కుని వచ్చి పుస్తకం అందుకున్నాడు. "మా ఇంట్లో గూడా ఉంది సార్, ఇట్లాంటి పేజీ," అన్నాడు. ల్యాప్‌టాప్ తిప్పి, అడుగున ఉన్న నంబరును ఒక్కొక్క అంకె సరిచూశాడు. లూదియా ఆధార్ కార్డు కూడా అడిగి చూశాడు. అంతా సరిపోయింది. అప్పుడు అతని వేలు పేజీ అడుగున ఆగిపోయింది.

"కంగ్రాచులేషన్స్ అండీ," అన్నాడు, గొంతు తగ్గించి.

"దేనికి?"

అతను పుస్తకాన్ని ఆమె వైపు తిప్పాడు. చివరి వరుస పెన్సిలుతో ఉంది. 'లూదియా – హర్ష (ఇస్సాకు గారి కుమారుడు), సున్నిపెంట. ఫిబ్రవరి.'

లూదియా ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. తన పెళ్ళి సంగతి తనకంటే ముందు రిపేరు షాపతనికి తెలిసింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏందీ నాయనా ఇది?"

"పెన్సిలే కదమ్మా. పెద్దోళ్ళం మాట అనుకున్నాం. జరిగినాక పెన్నుతో దిద్దుతా."

"ల్యాప్‌టాప్ సంగతి పెన్నుతో రాసినావే?"

"అది కొనేసినాం కదా."

రూబెన్ తల ఎత్తకుండా అరగంట పని చేసి, ల్యాప్‌టాప్‌ను ఆమె ముందుకు జరిపాడు. "కొత్త పాస్‌వర్డు మీరే పెట్టుకోండి," అని గోడ వైపు తిరిగాడు.

నతానియేలు కళ్ళజోడు పెట్టుకుని ముందుకు వంగాడు.

"సార్, మీరు గూడా ఇట్ల తిరగండి. అది ఆమెది."

ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని గోడ వైపు నిలబెట్టిన హెడ్మాస్టరు, ఈసారి తానే గోడ వైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళుండగానే లూదియాకు నవ్వొచ్చింది.

ఇంట్లో మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు. పెన్సిలు గీత మాత్రం అట్లాగే ఉంది.

లూదియాకు నంద్యాలలో పనులు పెరిగాయి. ఒక శనివారం చార్జరు, ఒక శనివారం కీబోర్డు. మూడోసారికి 'అన్నా' అనడం మానేసింది. అతను గమనించాడు.

"ఈ మౌసుకు ఏ రోగమూ లేదు," అన్నాడు రూబెన్ నాలుగోసారి.

"తెలుసు."

"మరి యాల తెచ్చినావ్?"

"నువ్వు ఏమన్నా అడుగుతావేమోనని."

స్క్రూడ్రైవరు అతని చేతిలోంచి జారి బల్ల కిందికి దొర్లింది. అతను దాన్ని తీసుకోలేదు. "అడగాలనే ఉంది. ఆడ ఒక పేరు ఉంది గదా."

"పెన్సిలుతో," అంది లూదియా.

ఆ మర్నాడు, ఆదివారం గుడి నుంచి వచ్చి అందరూ భోజనాలకు కూర్చున్నారు. "ఇస్సాకు వాళ్ళు తేదీ అడుగుతాండారు," అంటూ నతానియేలు బైబిలు తెరిచాడు. జేబులోంచి పెన్నే తీశాడు.

లూదియా లేచి, బడి సంచిలోంచి రబ్బరు తెచ్చి, ఆ చివరి వరుసను మెల్లగా చెరిపింది. పొట్టు ఊదేసింది. అమ్మ చేతిలో గరిటె గాలిలో ఆగిపోయింది. నతానియేలు ఆ తెల్లటి చోటునే చూస్తున్నాడు.

"నేను నంద్యాల రూబెన్‌ను చేసుకుంటా నాయనా," అంది లూదియా, గొంతు పెంచకుండా. "వచ్చే ఆదివారం వాళ్ళమ్మను తోడుకొని వస్తాడు. మీరు అడగాల్సినవన్నీ అడగండి. ఆ పేజీలో మాత్రం ఎవురూ ఏమీ రాయొద్దు. నేనే రాస్తా."

చేయి చాపి, ఆయన చేతిలోని పెన్ను తీసుకుంది.