కార్గో గేటు బయట

“అంబులెన్సులో గుండె తీసుకెళ్తున్నామంటారు. నమ్మకు. అందులో ఉండేది మన రాడార్ సైంటిస్టు. మత్తిచ్చి పడుకోబెట్టారు” అన్నాడు గూఢచారి విభాగం చీఫ్. “విదేశీ ముఠా ఆయన్ని ఈ మధ్యాహ్నమే విమానం ఎక్కిస్తోంది. ముందు ఎయిర్‌పోర్టు పోలీసు జీపు ఎస్కార్టు.”

“వాళ్ల అధికారం గేటు లోపలే కదా సార్. బయట ట్రాఫిక్ ఆపి దారివ్వాలంటే సిటీ కంట్రోల్ రూమ్ ఆర్డరుండాలి.”

“ఆర్డర్ లేదు. అందుకే గేటు బయటే ఆపు. లోపలికెళ్తే వాళ్లదే రాజ్యం. ఇంకో మాట. అంబులెన్సులో నర్సు మన మనిషే. ముఠా దగ్గరా జీతం తీసుకుంటోంది. చివరికి ఎటు మొగ్గుతుందో నాకూ తెలీదు.”

చీఫ్ ఎదుట నిలబడ్డ ఆ ఏజెంటును ఆఫీసులో ‘నీడ’ అనేవారు. ఎయిర్‌పోర్టు పోలీసు ఇన్‌స్పెక్టర్ అతనికి స్వయానా అక్క భర్త. నాన్న పోయాక చదివించి మనిషిని చేసింది ఆయనే. నీడ వెంటనే ఫోన్ చేశాడు.

“నాకు తెలీకుండా మా జీపు ఎలా కదులుతుందిరా? ఎవడో దొంగ యూనిఫాం గాడై ఉంటాడు. నువ్వెక్కడ కాపు కాస్తున్నావు?” అన్నాడు బావ.

“మెయిన్ గేటు దగ్గర బావా.”

ట్రాఫిక్ కానిస్టేబుల్ వేషంలో మెయిన్ గేటుకు ఇవతల నిలబడ్డాడు నీడ. సైరన్ ఎంతకీ వినిపించలేదు. చెవిలోని బటన్ రిసీవర్లో నర్సు గొంతు గుసగుసగా పలికింది. “దారి మార్చారు. కార్గో గేటు.”

అబద్ధమైతే? కానీ అతనెక్కడున్నాడో తెలిసింది చీఫ్ కాక ఒక్క మనిషికే. బైకెక్కి కార్గో గేటు వైపు దూసుకెళ్లాడు.

కార్గో గేటు కడ్డీ లేస్తోంది. నీడ బైకును జీపుకు అడ్డంగా పడేశాడు. జీపులోంచి బావ దిగాడు.

“ఎమర్జెన్సీరా. తప్పుకో.”

“ఆర్డర్ చూపించు బావా.”

“ప్రాణం పోతుంటే కాగితం అడుగుతావా?”

“కాగితం వద్దు. కంట్రోల్ రూమ్‌కి ఒక్క ఫోన్ కొట్టు. సిటీ మొత్తం దారిస్తుంది.”

బావ చెయ్యి ఫోన్ వైపు పోలేదు. పిస్టల్ పైకి లేచింది. ఆ క్షణంలోనే అంబులెన్సు వెనక తలుపు తెరుచుకుంది. నల్లకళ్లద్దాల నర్సు నిదానంగా నడిచొచ్చి, లిప్‌స్టిక్ ఆకారంలోని చిన్న తుపాకీని బావ మెడకు ఆనించింది.

“గుండె ఉందన్నది మాత్రం నిజమే ఇన్‌స్పెక్టర్. సైంటిస్టు గారి ఒంట్లోనే ఉంది. బాగానే కొట్టుకుంటోంది.”

పిస్టల్ కింద పడింది. నీడ బావకు సంకెళ్లు వేశాడు.

“ఎందుకు బావా?”

“నీకేం కాకూడదని వాళ్ల దగ్గర మాట తీసుకున్నాకే ఒప్పుకున్నానురా.”

ఆ ప్రేమ నిజమేనని నీడకు తెలుసు. అందుకే మనసు మరీ కోసుకుపోయింది. జేబులో ఫోన్ మోగింది. అక్క. అతను తియ్యలేదు. ఆగి మళ్లీ మోగింది. ఈసారి చీఫ్.

“మీ బావను తీసుకురావడానికి ఎస్కార్టు కావాలా?”

“కావాలి సార్” అన్నాడు నీడ. “అధికారం ఉన్నవాళ్లను పంపండి.”