పదకొండు గంటల పరీక్ష

"అయ్యో అత్తా! ఫోను లేదు... పరీక్ష రేపనుకొని ఆయన మస్కి సంతకు పట్టుకపోయిండు!"

అక్షతకు ఏడుపొచ్చింది. గడియారంలో పదిన్నర. పదకొండుకు ఆమె బి.ఏ. చివరి నోటి పరీక్ష! మూడేళ్ల చదువంతా ఇంట్లో ఉన్న ఆ ఒక్క పెద్ద ఫోనులోనే సాగింది. బెంగళూరులో ఉన్న ఆ కాలేజీ గేటు ఎలా ఉంటుందో కూడా ఆమె ఎరుగదు! పత్తి చేను నుంచి వచ్చి, చేతులు కడుక్కొని, సిగ్నల్ అందే కిటికీ పక్కన కూర్చుంటే అదే ఆమె తరగతి. తెరమీది చిన్న చిన్న గళ్లలో నవ్వే ముఖాలే ఆమె స్నేహితురాళ్లు. ఇప్పుడు అంతా చేజారిపోతోంది...

అత్త ఉలిగెమ్మ వేరుశనగకాయల చేట పక్కకు నెట్టి లేచింది.

"గిట్ల ఏడిస్తే అయితదా బిడ్డా? కృష్ణాబాయి దగ్గర పెద్ద ఫోనుంది. నేను తెస్త."

అక్షత నిర్ఘాంతపోయింది! కృష్ణాబాయి అత్తకు తోడికోడలు. పక్కిల్లే... కానీ మురుగు పారే మోరీ నీళ్ల జగడంతో ఆరేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు!

"వద్దత్తా! నా కోసం నువ్వు తలదించుకోవద్దు..."

"నా తల ఎటు పోతది? నీ మూడేండ్లు పోతయి!"

ఉలిగెమ్మ కృష్ణాబాయి గుమ్మంలో నిలబడింది. "కృష్ణా... ఆ దినం తప్పు నాదే. కోడలి పరీక్షుంది. ఫోను ఇస్తవా?"

కృష్ణాబాయి కళ్లలో గిర్రున నీళ్లు! "ఒక్క మాట పిలిస్తే రాకపోదునా అక్కా!" అంటూ ఫోనుతో పాటు తానే పరుగెత్తుకొచ్చింది.

అక్షత తన నంబరు, పాస్‌వర్డ్ కొట్టింది. పదకొండుకు సరిగ్గా రెండు నిమిషాల ముందు తెర వెలిగింది!

"గ్రామసభలో ఆడవాళ్లు ఎందుకు మాట్లాడరు?" కన్నడంలో అడిగింది మేడమ్.

పుస్తకంలోని వాక్యాలన్నీ మాయమయ్యాయి! అక్షత తలెత్తింది. ఎదురుగా గోడకు ఆనుకొని, పక్కపక్కనే ఇద్దరు అత్తలు... ఆమెకు ధైర్యం పొంగుకొచ్చింది. తమ ఊరి సభలో వెనక వరుసన కొంగు చాటున కూర్చునే ఆడవాళ్ల గురించి, వాళ్లు అడగాలనుకొని మింగేసిన మాటల గురించి గడగడా చెప్పుకుపోయింది!

మేడమ్ చిరునవ్వు నవ్వింది. "చాలా బాగా చెప్పావమ్మా. పాసయ్యావు!"

"పాసా!" ఉలిగెమ్మ కేక వీధంతా వినిపించింది. కోడలిని గుండెకు హత్తుకొని భోరున ఏడ్చింది. "అత్తా... నన్ను గెలిపించింది నువ్వే!" అంది అక్షత వెక్కుతూ.

కృష్ణాబాయి కళ్లు తుడుచుకొని మెల్లగా ఫోను అందుకుంది. "మరి నేను పోతనక్కా..."

ఉలిగెమ్మ ఆమె చెయ్యి పట్టుకొని ఆపేసింది.

"ఏడికి పోతవే? కూసో. చాయ్ పెడత... ఆరేండ్ల ముచ్చట్లున్నయి!"