తీగ చూపిన వైపు

నీలకంఠం కట్టిన యాంటెన్నా బరువుకి రేడియో క్లబ్బు ఆవరణలోని మునగకొమ్మ విరిగి, సరిగ్గా గౌరీశ్వరి కాళ్ళ ముందు పడింది.

"ఏటండీ ఇది, యాంటెన్నాయా, బట్టలారేసుకునే దండెమా?" అంది ఆమె, అడుగు అటు జరిగి.

నీలకంఠానికి మంచి జవాబే తట్టింది. కాకపోతే సీతమ్మధారలో ఇంటికి చేరాక తట్టింది. పోర్టు ఆఫీసులో గుమస్తా అతను. ఎవరితో మాట్లాడినా ఆ మాటల్ని తర్వాత గంటల తరబడి మనసులో దిద్దుకుంటూ కూర్చునే మనిషి. సొంత సెట్టుతో దూరాన ఉన్నవాళ్ళని పలకరించే హామ్ రేడియో సరదాలోకి వచ్చింది కూడా అందుకే. మోర్స్ కీ మీద చుక్కలూ గీతలూ కొట్టడానికి ఎదుటివాళ్ళ మొహం చూడనక్కర్లేదు.

అది 1984. తుఫానుకి టెలిఫోన్ స్తంభాలు పడిపోతే కబురందించడానికి, భుజాన సంచిలో పట్టే తీగ యాంటెన్నాలు చెయ్యమని క్లబ్బు పెద్ద చలమయ్య మాస్టారు అందరికీ పని పెట్టారు. కంచరపాలెం రైల్వే ఉద్యోగి కూతురు గౌరీశ్వరి అప్పటికే ఒకటి చేసింది. సన్నటి తీగ, జెట్టీలో కొన్న నైలాన్ తాడు, తీగ చివర్లకి కట్టే పింగాణీ ఇన్సులేటర్ల బదులు పాత ప్లాస్టిక్ గాజులు. మొత్తం కలిపి కొబ్బరికాయంత బరువు లేదు.

అలాంటిది చెయ్యడం అతనికీ నేర్పింది. కత్తిరించేటప్పుడు నీలకంఠం ప్రతిసారీ బెత్తెడు తీగ ఎక్కువ వదిలేవాడు. తెంపాక అతకడం కష్టమని అతని భయం. ఆమె నవ్వి కత్తెర లాక్కునేది. వానొస్తే ఇద్దరూ క్లబ్బు వరండాలో నిలబడి, తీగకి వరసగా వేలాడే చినుకుల్ని చూసేవారు. ఏ చినుకు ముందు రాలుతుందో ఆమె పందెం వేసేది. అతను ఆ చినుకుల్లోంచి ఆమెని చూసేవాడు.

అలాంటి ఒక సాయంత్రం గౌరీశ్వరే తెగించింది.

"సూడండి. మీరు నోటితో సెప్పలేరు, నాను నోటితో అడగలేను. ఆదివారం దీపాలెట్టే ఏళకి మా మేడ మీంచి మిమ్మల్ని కీ మీద పిలుస్తాను. పలికితే నానంటే ఇష్టం అనుకుంటాను. పలక్కపోతే మళ్ళీ అడగను."

ఆదివారమంతా నీలకంఠం తన డాబా మీదే ఉన్నాడు. కొత్త తీగని రెండు వెదురుగడల మధ్య లాగి కట్టాడు. అది సూటిగా కంచరపాలెం వైపు చూస్తోందో లేదో పదేపదే సరిచూసుకున్నాడు. దీపాల వేళకి చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. నాగపూర్ నుంచి ఎవరో పలికారు. ఇంకెక్కడివాళ్ళో పలికారు. ఆమె పలకలేదు.

మనసు మార్చుకుంది అనుకున్నాడు. అలా అనుకోవడం అతనికి సులువు. ఎప్పుడూ సగం సిద్ధంగానే ఉంటాడు.

ఆ తర్వాత క్లబ్బులో కనబడితే గౌరీశ్వరి "నమస్కారమండీ" అని తప్పుకునేది. ఆ మర్యాద అతన్ని ఆనాటి దండెం ఎగతాళి కంటే గట్టిగా తాకింది. ఎందుకు పిలవలేదని అడగడానికి నోరు రాలేదు.

నెల తిరక్కుండా మాస్టారు అందర్నీ సబ్బవరం పొలాల్లోకి తీసుకెళ్ళి పరీక్ష పెట్టారు. గౌరీశ్వరి అవతల మామిడితోటలో, నీలకంఠం ఇవతల తాటిచెట్ల దగ్గర. ఇద్దరూ కబుర్లు అందించుకోవాలి. అతను ఈసారీ తీగని సూటిగా తోట వైపే కట్టాడు. ఆమె సంకేతం దోమ రొదలా, వినీ వినబడనట్టు వచ్చింది.

ఇంతలో గాలికి ముడి జారి తీగ ఒక కొస కింద పడింది. దొరికిన ఇంకో తాటిచెట్టుకి కట్టాడు. ఇప్పుడు తీగ తోటకి అడ్డంగా ఉంది. హెడ్‌ఫోన్ పెట్టుకోగానే ఆమె చుక్కలూ గీతలూ చెవి పక్కనే కొట్టినట్టు మోగాయి.

నీలకంఠానికి అప్పుడు గుర్తొచ్చింది. అడ్డంగా ఉన్న తీగే అవతలివాళ్ళని బాగా వింటుంది, కొసల వైపున్నవాళ్ళు వినబడరు. లైసెన్స్ పరీక్షలో అతనే రాసిన జవాబు అది. హెడ్‌ఫోన్ పడేసి గట్ల మీంచి మామిడితోట వైపు నడవబోయి, పరిగెత్తాడు.

"ఆ ఆదివారం మీరు పిలిచారా?"

"సెయ్యి నొప్పెట్టేదాకా పిలిసాను. ఇప్పుడెందుకండీ?"

"వినబడలేదు. తీగ తప్పు కట్టాను."

"ఏటేపు కట్టారు?"

"మీ ఇంటివైపు."

గౌరీశ్వరికి నవ్వు రాబోయి ఆగిపోయింది. తీగల సంగతి అతని కంటే ఆమెకే బాగా తెలుసు. అయినా ఆ ఆదివారం ఆమెకి తీగ మీద అనుమానం రాలేదు. తన మీదే వచ్చింది.

"పరీక్ష పాసయ్యేరు కదా మీరు?"

"పాసయ్యాను. అయినా ఆ రోజు మీ ఇల్లు తప్ప ఇంకేం గుర్తు రాలేదు."

ఆమె మెడలోని హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది. "మళ్ళీ అడగనన్నాను," అంది.

"అందుకే నేను అడుగుతున్నాను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

ఆమె తన పక్కనున్న సంచి తీసి, గట్టు మీద అతనికి చోటు చేసింది. "కూకోండి, ఆయాసపడతన్నారు," అంది. అతను కూర్చున్నాక మెల్లగా, "సేసుకుంటాను," అంది.

పక్కన రేడియో సెట్టులో మాస్టారు ఇద్దర్నీ మార్చి మార్చి పిలుస్తున్నారు. ఎవరూ పలకలేదు.