నల్లబడ్డ ఫొటోలో చెయ్యి

జనార్దనరావు శవం డార్క్‌రూమ్ గోడకు జారగిలబడి ఉంది.

కళ్ళు తెరిచే ఉన్నాయి. కుడిచేతి మీద మణికట్టు దాకా మందునీళ్ళు ఆరి తెల్లటి చారలు కట్టాయి. తల పైన ఎర్ర బల్బు ఇంకా వెలుగుతోంది.

సింగపూర్, ఆంగ్ మో కియోలో తొమ్మిదో అంతస్తు ఫ్లాట్ అది. సామాన్ల గదినే ముసలాయన ఫొటోలు కడుక్కునే డార్క్‌రూమ్‌గా మార్చుకున్నాడు. 2000 మార్చి. శనివారం మధ్యాహ్నం ఒకటిన్నర.

"హార్ట్ అటాక్ లా, మేడమ్," అన్నాడు సార్జెంట్ టాన్ సింగపూర్ యాసలో. "పాత పేషెంట్. అంబులెన్స్ వాళ్ళు టార్చి వేసి చూసి అదే చెప్పారు. క్లోజ్ చేసెయ్యొచ్చు."

ఇన్‌స్పెక్టర్ తారాదేవి తలుపు పక్క గోడను చూస్తోంది. గదిలోని ట్యూబ్‌లైట్‌కి స్విచ్ బయట ఉంది. దాని మీద నల్ల టేప్ అంటించి ఉంది.

టేప్ ఒక మూల లేచి ఉంది.

"దీన్ని జాగ్రత్తగా తీసి కవర్లో పెట్టు."

లోపల బల్ల మీద మూడు ట్రేలు. మొదటిదాంట్లో ముంచితే కాగితం మీద బొమ్మ తేలుతుంది. రెండోది ఆ పనిని ఆపుతుంది. మూడోది ఫిక్సర్. అందులో పడ్డాక కాగితాన్ని ఎండలో పెట్టినా బొమ్మ చెదరదు. తారాదేవికి ఇదంతా కొత్త కాదు. ఆమె మొదటి పోస్టింగ్ పోలీస్ ఫొటో సెక్షన్‌లోనే.

ఫిక్సర్ ట్రేలో ఒక కాగితం తేలుతోంది. పట్టకారుతో పైకి తీసింది.

మొత్తం నలుపు. మధ్యలో మాత్రం విప్పిన అరచెయ్యి ఆకారం. ఆ అరచేతి మేర బొమ్మ చక్కగా నిలిచి ఉంది. ఐదేళ్ళ నల్లజాతి పిల్ల ముఖం. నవ్వీ నవ్వనట్టున్న పెదవులు.

"పాడైపోయిన ప్రింట్," అన్నాడు టాన్.

"అందుకే కావాలి," అంది తారాదేవి.

హాల్లో కూతురు నవత కూర్చుని ఉంది. ముప్ఫై తొమ్మిదేళ్ళు. ఏడవలేదు.

"ఎన్నింటికి బయటికెళ్ళారు?"

"పదకొండుకి. మార్కెట్‌కి."

"వచ్చింది?"

"ఒంటిగంటకి. తలుపు కొట్టాను, పలకలేదు. తీస్తే గోడకి జారగిలబడి ఉన్నారు."

"ట్యూబ్‌లైట్ వేశారా?"

"లేదు. ఎర్రలైట్‌లోనే కనిపించింది కదా. స్విచ్ ముట్టుకోలేదు."

"గుండె మాత్రలు?"

"అదిగో, డైనింగ్ టేబుల్ మీద. డార్క్‌రూమ్‌లోకి తీసుకెళ్ళరు."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"మా ఆయన. పొద్దున్నే ఆఫీసుకెళ్ళాడు." ఆగి, అడగకుండానే చెప్పింది. "నాన్నతో గొడవపడి వెళ్ళాడు."

జనార్దనరావు సింగపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు. 1961లో చదువుకని చికాగో వెళ్ళి, చదువు మానేసి కెమెరా పట్టాడు. ఏడేళ్ళు ఆ నగరంలో నల్లవాళ్ళ వీధులే ఆయన లోకం. హక్కుల కోసం ఊరేగింపులు జరుగుతున్న రోజులవి. పత్రికల వాళ్ళు ఊరేగింపుల వెంట పరుగెత్తేవారు. ఈయన ఊరేగింపు నుంచి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించుకునేవాళ్ళను తీశాడు. మంగలి షాపులు, బట్టలుతికే షాపులు, బస్సు కోసం నిలబడ్డ నర్సులు. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ ఫొటోలకు పేరొచ్చింది.

అల్లుడు అనిల్‌కుమార్‌కి సైన్స్ పార్క్‌లో డాట్‌కామ్ కంపెనీ. ఇంటర్నెట్‌లో ఫొటోలు అమ్మే వ్యాపారం. సాయంత్రం ఐదుకి తారాదేవి అక్కడికెళ్ళింది.

"మామగారితో గొడవెందుకు?"

"దాచనండీ. వచ్చే వారమే లాంచ్. సైట్ మొదటి పేజీ అంతా ఆయన ఫొటోలే. నిన్న ఉన్నట్టుండి వద్దన్నారు."

"ఏమని?"

"చికాగోలో వాళ్ళు నన్ను ఇళ్ళల్లోకి రానిచ్చింది ఫొటోలు కాఫీ కప్పుల మీద అచ్చెయ్యడానికి కాదన్నారు."

"ఇప్పుడు ఆయన లేడు."

అనిల్‌కుమార్ గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు నవత సంతకం చాలు. మీరేమనుకుంటున్నారో తెలుసండీ. కానీ పొద్దున పది నుంచి నేను ఈ గదిలోనే ఉన్నా. నాతో ఇన్వెస్టర్లున్నారు. కావాలంటే అడగండి."

అడిగింది. నిజమే.

ఫొటోలు స్కాన్ చేసే టెక్నీషియన్ మొహ్సిన్‌ది హైదరాబాద్. నలభై ఏళ్ళ మనిషి. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"అంకుల్ నెగటివ్‌లు వాపస్ కావాలన్నడు మేడమ్. తీసుకొని పదకొండున్నరకు పోయిన. బెల్ కొట్టిన. తలుపు తీయలే."

"లోపల ఎవరూ లేరా?"

"ఎవరో ఉండె. రేడియో మోగుతుండె. రెండోసారి కొట్టినంక రేడియో బంద్ అయింది. తియ్యడం ఇష్టం లేదేమో అనుకొని వచ్చేసిన."

"ఆ స్విచ్ మీద టేప్ సంగతి తెలుసా?"

"తెల్సు. ఎవరన్నా పొరపాటున లైటేస్తే ప్రింట్ ఖరాబైతది కదా. పని మొదలుపెట్టే ముందు ప్రతిసారి కొత్త టేప్ అంటిస్తడు. పాతది వాడడు."

తారాదేవి లేచి నిలబడింది. "థాంక్స్, మొహ్సిన్ గారూ. మంగళవారం పొద్దున ఆ ఫ్లాట్‌కి రండి."

మంగళవారానికి ల్యాబ్ రిపోర్ట్ వచ్చింది.

ఫ్లాట్ హాల్లో నవత, అనిల్‌కుమార్, మొహ్సిన్ కూర్చున్నారు. టాన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. తారాదేవి ఆ నల్ల కాగితాన్ని ప్లాస్టిక్ కవర్‌తో సహా టీపాయ్ మీద పెట్టింది.

"చనిపోయింది గుండెపోటుతోనే. పోస్ట్‌మార్టమ్‌లో అనుమానం లేదు. కానీ ఈ కాగితం ఇంకో మాట చెబుతోంది. ఇది మొదటి ట్రేలో ఉండగా ఎవరో ట్యూబ్‌లైట్ వేశారు. అందుకే నల్లబడింది. ఈ చెయ్యి కింద మాత్రం లైటు పడలేదు."

"పడిపోతూ చెయ్యి ఆనించి ఉంటారు," అన్నాడు అనిల్‌కుమార్.

"సరే, ఆనించారనుకుందాం. మరి కాగితం మూడో ట్రేలోకి ఎలా వెళ్ళింది?"

తారాదేవి కవర్ మీద ఆ అరచెయ్యి ఆకారాన్ని వేలితో చూపించింది.

"లైటు మళ్ళీ ఆరింది. ఆరాక చెయ్యి తీశారు. కాగితాన్ని పాడుచెయ్యని ఆ ఎర్ర వెలుగులోనే దీన్ని ఫిక్సర్‌లోకి మార్చారు. లైటు వెలుగుతుండగా చెయ్యి తీసి ఉంటే ఈ ముఖమూ నల్లబడేది. అంటే లైటు వేసిన మనిషి చూసేటప్పటికి జనార్దనరావు బతికే ఉన్నారు. ఆర్పేశాకా బతికే ఉన్నారు. మాత్రలు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి."

తారాదేవి నవత వైపు తిరిగింది.

"స్విచ్ ముట్టుకోలేదన్నారు. ఆ టేప్ ఆ రోజు పొద్దున అంటించింది. జిగురు వైపు మీ బొటనవేలి ముద్ర ఉంది. పీకి, మళ్ళీ అంటించారు."

మొహ్సిన్ "యా అల్లా" అన్నాడు.

అనిల్‌కుమార్ భార్య వైపు చూడలేదు. కాగితం మీదికి వంగాడు.

"ఇది ఆయన ఆఖరి ప్రింట్ కదండీ," అన్నాడు మెల్లగా. "కేసయ్యాక మాకు ఇచ్చేస్తారా? ఇలాంటిది ప్రపంచంలో ఎక్కడా..."

నవత నవ్వింది. గట్టిగా, ఊపిరాడనంతగా. అదే ఊపులో మాట్లాడింది.

"కేకేస్తే వెళ్ళాను. నిజంగా కాపాడదామనే వెళ్ళాను. తలుపు తీసి, టేప్ పీకి లైటేశాను. బల్ల పట్టుకుని వంగిపోయి ఉన్నారు. ముఖమంతా చెమట. నా వైపు చూస్తారనుకున్నా. చూళ్ళేదు. లైటు పడగానే చెయ్యి తీసుకెళ్ళి ఆ పిల్ల ముఖం మీద పెట్టారు."

"ఏమన్నా అన్నారా?"

"'లైటార్పు' అన్నారు. మాత్ర అడగలేదు. లైటార్పమన్నారు."

"ఆర్పేశారు."

"ఆర్పేశాను. తలుపు కూడా వేశాను."

ఆమె వేలితో కాగితం అంచును చూపించింది. నలుపు తప్ప అక్కడేమీ లేదు.

"అసలు ఫొటోలో ఇక్కడ ఆ పిల్ల వాళ్ళమ్మ ఉంటుంది. మెట్ల మీద కూర్చోబెట్టుకుని జడ వేస్తుంటుంది. ఆ ఫొటో తీసిన వేసవిలోనే మా అమ్మ సూరమ్మ ఇక్కడ సింగపూర్ ఆస్పత్రిలో పోయింది. తాత టెలిగ్రామ్ ఇచ్చాడు. ఈయన రాలేదు. ఆ వీధి వదిలి రాలేకపోయాడట. నాకూ అప్పుడు ఐదేళ్ళే. ఈ ఇంట్లో వేల నెగటివ్‌లున్నాయి ఇన్‌స్పెక్టర్. నాది ఒక్కటుంటే వెతికి పెట్టండి."

"మొహ్సిన్ బెల్ కొట్టినప్పుడు మీరు ఇక్కడే ఉన్నారు. ఇంట్లో ఎవరూ లేరనుకోవాలని రేడియో ఆపారు."

"అందుక్కాదు."

"మరి?"

"లోపల్నుంచి పిలుస్తున్నారు. నవతా, నవతా అని. రేడియో మోతలో సరిగ్గా వినపడలేదు. ఆపి విన్నాను."

మొహ్సిన్ చేతుల్లో ముఖం దాచుకున్నాడు. ఆ రోజు తలుపు బయట అతను నిలబడ్డప్పుడు, లోపల ఒక మనిషి ఇంకా పిలుస్తున్నాడు.

"ఎంతసేపు విన్నారు?"

"ఆగిపోయేదాకా. తర్వాత మార్కెట్‌కి వెళ్ళాను. చేపలు తెచ్చాను."

తారాదేవి టాన్‌కి సైగ చేసింది. అతను బేడీలు తీశాడు. నవత తనే చేతులు చాపింది. అనిల్‌కుమార్ ఫోన్ తీసుకుని బాల్కనీలోకి నడిచాడు. లాయర్‌కో, ఇన్వెస్టర్లకో తెలియలేదు.

స్టేషన్‌లో మామూలు తతంగమంతా జరిగింది. పేరు, వయసు, వేలిముద్రలు. చివరికి ఆమెను తెల్లగోడ ముందు నిలబెట్టారు. చేతికి నంబరు పలక ఇచ్చారు. కానిస్టేబుల్ కెమెరా సరిచేసుకుని, గడ్డం కాస్త ఎత్తమన్నాడు.

"ఒక్క నిమిషం," అంది నవత.

పలకను చంకలో ఇరికించుకుంది. రెండు చేతులతో జుట్టు వెనక్కి దువ్వుకుంది. చెదిరిన వెంట్రుకలను చెవుల వెనక్కి తోసుకుంది. పలక మళ్ళీ పట్టుకుని నిటారుగా నిలబడింది.

"ఊఁ. తియ్యండి," అంది.